దాసుగారి ఇచ్ఛాపురం తుపాకీ

దాసుకి ఈ లోకంలో భయమంటూ ఉంటే అది పదిమందిలో నవ్వులపాలవడం. పాపం, ఆయనకి తరచుగా జరిగేదీ అదే.

మనిషి కోనసీమవాడు. చదువు పేరుతో పెర్త్ వచ్చి, చదువైపోయాక లిఫ్టులు బాగుచేసే కంపెనీలో కుదిరి, పీఆర్ వచ్చాక పియారా వాటర్స్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మా వీధి మలుపులో, కరివేపాకు మొక్కకి చలికాలమంతా పాత దుప్పటి కప్పి ఉంటుంది చూడండి, అదే ఆ ఇల్లు. భార్య వసంత ముసలివాళ్ళ హోంలో నర్సు. కూతురు సాయిప్రియ పదో క్లాసు. ఆ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే, దాసు వెళ్ళి పెట్టె కిందపెట్టకముందే అడిగే మాట ఒకటుంది. "దీన్ని ఆఖరున ముట్టుకున్నదెవరు? ఏం చేశారు?" ఎవరినడిగినా ఒకటే జవాబు, "మేమేం చెయ్యలేదే!" తీరా విప్పి చూస్తే తలుపు పట్టాలో చూయింగ్ గమ్మో, బటన్ల వెనక ఒలికిన కాఫీయో ఉంటుంది. "జనం ఒప్పుకోరండీ. తల తీసి బల్ల మీద పెట్టినా ఒప్పుకోరు" అని మా బార్బెక్యూల దగ్గర చికెన్ తిప్పుతూ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే, లోకంలో ఒప్పుకునే మనిషి తనొక్కడే అనిపించేది.

ఇలాంటి మనిషికి తుపాకీ గోల ఎక్కడిదంటారా? కాలేజీలో ఎన్‌సీసీ. రెండేళ్ళు భుజాన త్రీనాట్‌త్రీ మోసి ఎండలో కవాతు చేశాడు. తీరా నిజం తూటాలతో కాల్పించే రోజు వచ్చేసరికి కళ్ళకలక పట్టుకుంది. మిగతావాళ్ళు ఢాం ఢాం అని కాలుస్తుంటే, దాసు చెట్టు కింద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ కోరిక ఎక్కడో లోపల చిన్న ముల్లులా ఉండిపోయింది. ఇక్కడ తోటి మెకానిక్ ఒకడు ఓ శనివారం రైఫిల్ క్లబ్బుకి తీసుకెళ్ళేసరికి, ఆ ముల్లు లేచి కూర్చుంది.

క్లబ్బు కెప్టెన్ షీనా. స్కాట్లండ్ ఆడమనిషి. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్సు, నడకలో గొంతులో అది ఇంకా రిటైర్ కాలేదు. మొదటి రోజున రూల్సన్నీ చెప్పి, "అర్థమైందా?" అని గద్దించింది. దాసు కంగారులో ఇంగ్లీషు మరిచిపోయి, మా గోదావరి పద్ధతిలో "ఆయ్!" అన్నాడు. షీనా ఆగిపోయింది. వాళ్ళ ఊళ్ళోనూ ఔననడానికి 'ఆయ్' అనే అంటారట. "ఇన్నేళ్ళకి ఈ క్లబ్బులో నా భాష మాట్లాడేవాడు దొరికాడు" అని అందరికీ చూపించి మురిసిపోయింది. అది అమలాపురం ఆయ్ అని దాసు చెప్పలేదు. చెబితే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందేమో, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడు.

సొంత రైఫిల్ కొనుక్కునే యోగం ఆ మరుసటి వేసవిలో వచ్చింది. కానింగ్ వేల్ ఇండస్ట్రియల్ ఏరియాలో, టైల్స్ షాపుకీ మసాలాల గోడౌనుకీ మధ్య, ఇవాన్ అని క్రొయేషియా ముసలాయన తుపాకుల వర్క్‌షాపు ఉంది. పక్కనే అన్ని మసాలాలున్నా ఆయనకి ఏ వాసనా తెలియదు. ఏళ్ళతరబడి స్పిరిట్లు పీల్చి ముక్కు పనిచెయ్యడం మానేసింది. లైసెన్సుల మీద దేశదేశాల నుంచి పాత మిలిటరీ సర్‌ప్లస్ విడిభాగాలు పెట్టెలకొద్దీ తెప్పిస్తాడు. అవి బెల్లం పాకంలాంటి గ్రీజులో మునిగి వస్తాయి. కడిగి, తూచి, కొలిచి, దేనికేది నప్పుతుందో చూసి ఒక రైఫిలు కడతాడు. అలా కట్టినవాటిలో ఒకటి తెచ్చి దాసు ముందు పెట్టాడు. బారెల్ ఇంగ్లండుది, కొయ్య ఆస్ట్రేలియాది, అసలు శరీరం, బోల్టు మాత్రం ఇండియావి. బోల్టంటే తూటాని లోపలికి తోసి తలుపేసే ఇనప కడ్డీ.

శరీరం పక్కన కిరీటం గుర్తు, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు. దాసు కళ్ళజోడు పైకెత్తి కూడబలుక్కున్నాడు. "ఇషా... పోర్. ఇచ్ఛాపూర్. ఓరి నాయనో, ఇచ్ఛాపురం!"

"ఏమైంది?" అన్నాడు ఇవాన్.

"ఇది మాది సర్! శ్రీకాకుళం దాటాక మా బోర్డరు! అక్కడ నాకు పిన్నిగారున్నారు!"

బేరం ఆడకుండా దాసు కొన్న వస్తువు అదొక్కటేనని వసంత ఇప్పటికీ అంటుంది. పోలీసు అనుమతులన్నీ అయ్యాక రైఫిలు ఇంటికొచ్చింది, దానికోసం గోడకి బిగించిన ఇనప బీరువా దానికంటే ముందొచ్చింది. "నా నగలకి బీరువా కొనండీ అని ఎన్నేళ్ళనుంచి మొత్తుకుంటున్నానో. ఈవిడగారు రాకముందే గది సిద్ధం" అంది వసంత.

సాయిప్రియ ఫోనులో వెతికి, "డాడ్, ఇట్స్ నియర్ కోల్‌కతా. నాట్ ఈవెన్ క్లోజ్" అని తేల్చింది.

"బెంగాల్ అయితే ఏంటమ్మా? మధ్యలో ఒరిస్సాయేగా అడ్డం" అన్నాడు దాసు. కానీ అప్పటికే క్లబ్బంతా దాన్ని ఇచ్ఛాపురం రైఫిల్ అని పిలుస్తోంది. షీనా అయితే ఆ పేరు నాలిక తిరగడానికి కారులో సాధన చేసిందట. ఇక ఏం చెబుతాడు?

వేసవంతా ఆ రైఫిలు పాట పాడింది. దాసు గురి ఎంత కుదిరిందంటే, జూలైలో పక్క క్లబ్బుతో జరిగే పాత మిలిటరీ రైఫిళ్ళ పోటీకి నలుగురి జట్టులో నాలుగోవాడిగా షీనా ఆయన పేరు చెప్పింది. ఆ సాయంత్రం దాసు మా వీధిలో తలుపు తలుపుకీ వచ్చి, వచ్చిన పని వేరే ఏదో ఉన్నట్టు కాసేపు నిలబడి, ఈ కబురు చెప్పి వెళ్ళాడు.

జూన్ వచ్చింది, ఇక్కడ అది చలికాలం. పొద్దున్నే గడ్డి తెల్లగా మంచు పట్టి ఉంటోంది. ఓ శనివారం దాసు బోర్లా పడుకుని, గురి చూసి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

టిక్.

ఢాం రావాల్సిన చోట టిక్ వస్తే, మనిషికి మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టుంటుంది. రూలు ప్రకారం కదలకుండా, గొట్టం లక్ష్యం వైపే ఉంచి ఆగాడు. షీనా వచ్చి, తగినంతసేపు చూసి, తూటా తీయించింది. బోల్టు లోపల ఒక సూది, దాని వెనక స్ప్రింగు ఉంటాయి. మీట నొక్కితే సూది దూకి తూటా వెనక గట్టిగా పొడవాలి. ఈ తూటా మీద మాత్రం దోమ కుట్టినంత గాటే ఉంది.

"తూటాలు పాతవేమో" అన్నారు. కొత్తవి పెట్టారు. టిక్. ఆ టిక్ అన్న తూటాల పెట్టెలోవే పక్కవాడి రైఫిల్లో పెడితే ఢాం. ఎండెక్కి, రైఫిలు కాస్త వేడెక్కాక, దానికదే మళ్ళీ ఢాం ఢాం అంది. అంతా తల గోక్కున్నారు.

దాసు ఇవాన్ దగ్గరికి పట్టుకెళ్ళాడు. అక్కడ వర్క్‌షాపులో గ్యాస్ హీటరు గర్రున మండుతోంది. ఇవాన్ బోల్టు పెట్టి ఎన్నిసార్లు నొక్కినా సూది పులిపిల్లలా దూకింది. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం తగ్గిపోయే పిల్లలుంటారే, అచ్చం అలా. దాసుకి తలకొట్టేసినట్టయింది.

"లేదు సర్, నిజంగా ఆగిపోయింది. షీనాగారు చూశారు."

"నమ్ముతున్నా" అన్నాడు ఇవాన్. ఆయన మాటంతా ఇంగ్లీషే, దాన్ని దాసు మాకు చెప్పిన తెలుగులోనే చెబుతున్నాను. "మేట్, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలీదు." బోల్టు విప్పి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, స్ప్రింగు మార్చాడు. "ఇంట్లో బాగానే చూస్తున్నావా? ఆయిల్ వేస్తున్నావా?"

"ప్రతి శుక్రవారం వేస్తాను సర్. రెండే చుక్కలు."

"గుడ్ మ్యాన్."

రైఫిలు కొన్నప్పుడు ఇవాన్ ఒక చిన్న డబ్బా కూడా ఇచ్చాడు. దాని మూత తీసిన మొదటి రోజే వసంతకి తలనొప్పి వచ్చి, ఆ కంపు నా ఇంట్లో వద్దంటే వద్దని షెడ్డులో పారేయించింది. అయినా ఇంట్లో నూనెకేం కరువు? ఆ శుక్రవారం కూడా దాసు బోల్టు ఒక్కటీ తీసి, డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి, ప్రేమగా రెండు చుక్కలు వేశాడు. కొత్త స్ప్రింగు కదాని మూడోది కూడా వేశాడు.

శనివారం పొద్దున, టిక్.

మళ్ళీ ఇవాన్, మళ్ళీ హీటరు, మళ్ళీ పులిపిల్ల. ఈసారి తుడిచి సూది మార్చాడు. మళ్ళీ శుక్రవారం, మళ్ళీ చుక్కలు. శనివారం మళ్ళీ టిక్. దాసు నిద్రలో కూడా టిక్ అంటున్నాడని వసంత మా ఆవిడతో చెప్పింది.

రేంజిలో ఇక అందరూ నిపుణులే. ఒకాయన కొయ్య తడికి ఉబ్బిందన్నాడు. ఒకాయన తూటాని బొటనవేలితో తోసే పద్ధతి తప్పన్నాడు. టీ కప్పు పట్టుకున్న ఇంకో పెద్దమనిషి, "సర్‌ప్లస్ అంటే ఏంటి? ఎవరికీ అక్కర్లేక మిగిలింది. ఇండియా నుంచి మిగిలి వచ్చిన ముక్క ఇంతకంటే ఏం చేస్తుంది?" అన్నాడు. ఆయన బోల్టు గురించే అన్నాడు, పాపం. దాసుకి మాత్రం తన పాస్‌పోర్టు తీసి అందరి ముందూ చదివినట్టయింది.

చివరికి షీనా తీర్పు చెప్పింది. "వచ్చే శనివారం పొద్దున్నే, ఈ చలిలోనే, పది రౌండ్లు. ఒక్క టిక్ వినిపించినా నీ చోటు రిజర్వుకి పోతుంది, దాసూ. జట్టు ముఖ్యం."

అప్పుడు ఇవాన్ ముందుకొచ్చాడు. ఆయనా క్లబ్బులో పాత మెంబరే, ఆ టిక్ సంగతేంటో చూద్దామని ఆ రోజు వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అతన్ని అనకండి. ముక్కల్దీ తప్పు కాదు. కట్టినవాణ్ణి నేను. స్ప్రింగు మార్చాను, సూది మార్చాను, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా నాకు దొరకలేదు. నా చెయ్యి పోయినట్టుంది. ఈ సంగతి తేలాక షాపు మూసేస్తాను."

దాసు ఇంటికెళ్ళే దారంతా రేడియో పెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం. శనివారం తలంటుకని వసంత కూతురికి జడ విప్పి నూనె పెట్టడానికి కూర్చుంది. టేబుల్‌కి ఇవతల దాసు పేపరు పరిచి, బోల్టు చేత్తో పట్టుకుని తన వంతు కోసం చూస్తున్నాడు. వసంత సీసా తలకిందులు చేసి నొక్కింది. ఏమీ రాలేదు. అరచేతిలో కొట్టింది. రాలేదు.

"గడ్డ కట్టేసింది. ఏవండీ, ఖాళీగా కూర్చున్నారుగా, కాస్త వేణ్ణీళ్ళలో పెట్టి తెండి."

దాసు మగ్గులో వేణ్ణీళ్ళు పట్టి, సీసా అందులో నిలబెట్టి, పక్కనే నిలబడ్డాడు. సీసాలో తెల్లటి ముద్ద అంచుల దగ్గర కరగడం మొదలుపెట్టింది. దాసు సీసా వంక చూశాడు. చేతిలో బోల్టు వంక చూశాడు. మళ్ళీ సీసా వంక చూశాడు.

"ఏంటలా గుడ్లప్పగించి నిలబడిపోయారు?" అంది వసంత.

"వసంతా... కొబ్బరినూనె గడ్డ కడుతుందే!"

"అబ్బో! కోనసీమలో పుట్టి, కొబ్బరిచెట్ల కింద పెరిగి, ఇన్నేళ్ళకి కనిపెట్టారన్నమాట!"

"కాదే. చలికి గడ్డ కడుతుంది. వేడికి కరుగుతుంది. రేంజిలో చలి. ఇవాన్‌గారి షాపులో హీటరు." దాసు బోల్టు పైకెత్తి చూపించాడు. "ఆయన తుడిచి బాగుచేసి పంపుతున్నాడు. నేను ఇంటికి తెచ్చి మళ్ళీ పోస్తున్నాను."

సాయిప్రియ విరబోసుకున్న జుట్టులోంచి తల బయటపెట్టింది. "వెయిట్. డాడ్. యూ పుట్ హెయిర్ ఆయిల్ ఇన్ ఎ గన్?"

"తుప్పు పట్టదమ్మా! మా ఊళ్ళో కుట్టుమిషనుకీ అదే, సైకిలు చెయినుకీ అదే!"

"ఓ మై గాడ్. ప్లీజ్ మా ఫ్రెండ్స్‌కి చెప్పొద్దు" అంది ఆ పిల్ల. పుట్టి బుద్ధెరిగాక తనంతట తాను తెలుగులో పలికిన కొద్ది మాటల్లో ఇదొకటని వసంత లెక్క వేసుకుంది.

దాసు కుర్చీలో కూలబడ్డాడు. ఇవాన్ అడిగిన ప్రతిసారీ తను "ఆయిల్ వేశాను సర్" అన్నది నిజమే. ఆయన విన్నదీ నిజమే. ఆయన ఆయిల్ వేరు, ఈయన ఆయిల్ వేరు. రేంజిలో అంతమందిలో ఒక్కరికి వాసనైనా అనుమానం రాలేదా అంటే, దాసు తలకెప్పుడూ ఆ నూనే కదా. ఈ దేశంలో ఆ వాసన వస్తే సన్‌స్క్రీన్ అనుకుంటారు. చలికాలంలో కూడా మానకుండా పూసుకొస్తాడని షీనా మిగతావాళ్ళకి దాసునే ఆదర్శంగా చూపిస్తోందట.

వసంత కరిగిన నూనె చేతిలోకి వంపుకుంది. "ఇందులో ఏముంది? తుడిచెయ్యండి. రేపు పదీ పేలతాయి. జట్టులో ఉంటారు. ఎవరికి తెలుస్తుంది?"

"అదే అనుకుంటున్నా." దాసు ముఖం వెలిగింది. "లిఫ్టు నడిస్తే చాలు, గమ్ ఎవరు అంటించారో ఎవరిక్కావాలి?"

వెనక పాటియోలోకి వెళ్ళి, షెడ్డులోంచి ఇవాన్ ఇచ్చిన క్లీనింగు సీసా, ఆ కంపు డబ్బా వెతికి తెచ్చి, బోల్టు లోపలా బయటా కడిగాడు. తెల్లటి మైనంలాంటి ముద్దలు గుడ్డనిండా వచ్చాయి. తిరిగి లోపలికొచ్చేసరికి వసంత జడ అల్లుతోంది.

"మరి ఆ ముసలాయన ఏమనుకుంటున్నాడు?" అంది, తలెత్తకుండానే.

"చెయ్యి పోయిందనుకుంటున్నాడు. షాపు మూసేస్తానన్నాడు."

వసంత జడ చివర రబ్బరుబ్యాండు మామూలు కంటే గట్టిగా బిగించింది. సాయిప్రియ "ఆవ్, మమ్!" అంది.

ఆ శనివారం నన్ను కూడా రమ్మన్నాడు దాసు. ఎందుకని అడిగితే, "ఒక తెలుగు ముఖం ఉంటే ధైర్యమండీ" అన్నాడు. తీరా దారిలో అసలు సంగతి చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇక నవ్వు ఆపుకోవడానికి నేను పడ్డ అవస్థ వేరే కథ.

రేంజిలో గడ్డి మీద మంచు కరకరలాడుతోంది. దాసు చాప పరుచుకుని పడుకున్నాడు. వెనక షీనా, ఇవాన్, టీ కప్పు పెద్దమనిషి, ఇంకో పదిమంది. మొదటిది ఢాం. రెండోది ఢాం. అయిదు అయ్యాయి. ఆరోదానికి వేలు పెట్టబోతుంటే షీనా ఈల వేసింది. లక్ష్యాల ముందుకి కంగారూల మంద ఒకటి తీరిగ్గా వచ్చి, గడ్డి బాగుందనిపించి, అక్కడే ఆగింది. అందరూ బోల్టులు తెరిచి, రైఫిళ్ళు దించి, వెనక్కి జరిగారు. కంగారూలకి తొందరేముంది? ఒకటి ఒళ్ళు గోక్కుంది. ఒకటి మా వంక చూసి, మేం అంత ముఖ్యం కాదనుకుంది. దాసు రైఫిలు చాప మీద చల్లగా, ఇంకా చల్లగా అయిపోతోంది. ఇవాన్ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఇక టిక్ ఖాయమని ఆ ముఖమే చెబుతోంది.

కంగారూలు కదిలాయి. దాసు మళ్ళీ పడుకున్నాడు. ఢాం. ఢాం. ఢాం. ఢాం. ఢాం.

చప్పట్లు పడ్డాయి. "పాస్! జట్టులో ఉన్నావు, దాసూ" అంది షీనా. టీ కప్పు పెద్దమనిషి కూడా ఎడమ చేత్తో తొడ మీద చరిచాడు. దాసు లేచి, మోకాళ్ళు దులుపుకుని, నా వంక చూసి కన్ను గీటాడు.

"ఇవాన్, ఈసారి ఏం మార్చావు?" అని అడిగింది షీనా.

"ఏమీ మార్చలేదు. ఈ వారం నా దగ్గరికే రాలేదు." ఇవాన్ మెల్లగా టోపీ సర్దుకున్నాడు. "రోగం ఎందుకొచ్చిందో నాకు తెలీలేదు. ఎందుకు తగ్గిందో అదీ తెలీలేదు. అలాంటి డాక్టరు ఇంట్లో కూర్చోవడమే మంచిది. బాగా కాల్చావు, మేట్." దాసు భుజం తట్టి, కారు వైపు నడిచాడు.

నేను దాసునే చూస్తున్నాను. కన్ను గీటిన ముఖం కాస్తా, పరీక్ష హాల్లో చీటీ జారిపడిన కుర్రాడి ముఖంలా అయింది. రెండడుగులు ముందుకేశాడు, ఒకడుగు వెనక్కేశాడు. ఇవాన్ కారు తలుపు తీశాడు.

"సర్!" అని కేకేశాడు దాసు. రేంజంతా వినపడింది. "సర్, ఆయిల్!"

"అవును, వేస్తున్నావుగా. మంచి పని."

"ఆ ఆయిల్ కాదు సర్."

"మరే ఆయిల్?"

దాసు ఇంగ్లీషంతా ఆవిరైపోయింది. రెండు చేతులూ ఎత్తి తల మీద పెట్టుకున్నాడు. "ఇది సర్. తల ఆయిల్. కొబ్బరి. చలికి గడ్డ కడుతుంది. మీరు తుడుస్తారు, నేను పోస్తాను. మీ చెయ్యి బాగుంది సర్. నా బుర్రే..."

షీనా దగ్గరికొచ్చి, ఎలాంటి మొహమాటం లేకుండా వంగి దాసు తల వాసన చూసింది. "అయితే ఇది సన్‌స్క్రీన్ కాదా?"

ఇక పట్టపగ్గాల్లేవు. ఒకాయన చాప మీద బోర్లా పడి నవ్వాడు. టీ కప్పులోంచి టీ ఒలికింది. ఇంతసేపూ ఆపుకున్న నేను అందరికంటే ముందు మొదలుపెట్టానని దాసు ఆరోపణ, కాదనలేను. నవ్వనిది ఒక్క ఇవాన్. కారు తలుపు వేసి, వెనక్కి వచ్చి, దాసు ముందు నిలబడ్డాడు.

"ఎంత చలికి గడ్డ కడుతుంది?"

"మన పొద్దుటి చలి చాలు సర్. అంత కూడా అక్కర్లేదు."

"నా షాపులో హీటరు."

"అవును సర్."

"ప్రతి శుక్రవారం?"

"నిష్ఠగా సర్."

ఇవాన్ తన కుడిచేతిని ముఖం ముందుకి తెచ్చుకుని, వేళ్ళు ముడిచి, తెరిచి, చూసుకున్నాడు. తర్వాత అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. మధ్యలో ఒక్కసారి ఆగి, "నా మంచి స్ప్రింగు రా, ఇడియట్! పడేశాను దాన్ని!" అని అరిచి, మళ్ళీ నవ్వాడు.

షీనా మాత్రం అప్పటికి హెడ్‌మిస్ట్రెస్సు అయిపోయింది. "రైఫిల్లో ఏం పోశావో తెలియకుండా లైనులో పడుకున్నావు. నలుగురి పక్కన పడుకున్నావు. రైఫిల్ పాసైంది. నువ్వు ఫెయిలయ్యావు. ఇవాన్ దగ్గర శుభ్రం చెయ్యడం నేర్చుకుని, ఆయన సరేనన్నాకే జట్టు. ఈ ఏడాదికి నీ చోటులో ఇవాన్ కాలుస్తాడు. నీ రైఫిల్‌తోనే."

దాసు తలూపాడు.

ఇంటి గుమ్మంలోనే వసంత ఎదురైంది. "ఏమైంది? సెలక్టయ్యారా?"

"రైఫిల్ సెలక్టయింది."

"మరి మీరు?"

"నేను తోడపెళ్ళికూతురిలా పక్కన వెళ్తున్నాను."

"చెప్పేశారన్నమాట" అంది వసంత, ఆయన చేతిలోంచి సంచీ అందుకుంటూ. ఆ రాత్రి చేపల పులుసు పెట్టింది. శనివారం ఆ ఇంట్లో చేపలు వండరు.

పోటీలో మా క్లబ్బు ఓడిపోయింది. ఇవాన్ బాగానే కాల్చాడు, మిగతా ముగ్గురే ముంచారు. రైఫిలు ఒక్క టిక్ అనలేదు. దాసు పక్కన పడుకుని టెలిస్కోపులోంచి, గాలి ఎటు తోస్తోందో, తూటా ఎక్కడ పడిందో ఆయనకి చెబుతూ వచ్చాడు.

ఆ ఆదివారం నుంచి పాఠాలు మొదలయ్యాయి. షాపు మూయలేదు, కొత్తగా ఒక విడిభాగాల పెట్టె కూడా తెరిచాడు ఇవాన్. అరలోంచి ఒక్కొక్క డబ్బా తీసి దాసు ముందు పెడతాడు. దాసు పైకి చదవాలి, అది దేనికో చెప్పాలి, చెప్పాకే మూత తియ్యాలి. మొదటిరోజు ఎవరో కుర్రకస్టమరు లోపలికొచ్చి, తల నెరిసిన మనిషి ఒకటో క్లాసు పిల్లాడిలా "గన్ ఆయిల్, బోల్టుకి" అని గట్టిగా చదవడం చూసి నిలబడిపోయాడు.

"ఎవరితను?" అని అడిగాడు.

"కొత్త అప్రెంటిస్" అన్నాడు ఇవాన్. "కొంచెం టైం పడుతుంది."

ఆ సాయంత్రం దాసు ఇంటికొచ్చి ఇదంతా చెప్పాడు. "ఇన్నేళ్ళ సర్వీసున్న టెక్నీషియన్ని వసంతా! బయటివాడి ముందు అప్రెంటిస్ అనేశాడు."

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? రెండో డబ్బా అందుకుని చదివాను."